కొన కత్తిరించిన గ్లౌజు

అమ్మడికి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట అలవాటుగా రాసేస్తుంటాను గానీ, ఈసారి రాసి, ఆగి, దాని మీదే పెన్నుతో రెండోసారి దిద్దాను. అందుకే ఆ లైను అంత నల్లగా ఉంది. సిరా కారిందనుకునేవు.

ముందో పని చెప్తాను, చేసెయ్యి. ఈ కవర్లో ఇంకో చిన్న కాగితం ఉంది, నాలుగు మడతలు పెట్టి, పైన మీ డిపో మేనేజరు గారికని రాశాను. ఈ ఉత్తరం తెచ్చే డ్రైవరు, మీ నాన్న దగ్గర ప్యాంట్లు కుట్టించుకునే ఆ పొడుగాయన, ఈ సాయంత్రానికల్లా నీకు అందిస్తానన్నాడు. అందగానే ఆ కాగితం పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టు. రేపు పొద్దున మొదటి ట్రిప్పుకి నీ బండి తియ్యకముందే ఆయన చదవాలి. ఇచ్చి వచ్చి, తలుపేసుకుని, నింపాదిగా కూర్చుని అప్పుడు ఇది చదువు. అందులో ఉన్నదే ఇందులోనూ ఉంది. కాకపోతే అది ఆరు లైన్లు, ఇది ఎన్ని పేజీలవుతుందో నాకే తెలీదు. మొన్న ఫోన్లో నేను కడుపునొప్పి అని చెప్పి సెలవు పెట్టమంటే, "కారణం చెప్పకుండా బండెక్కొద్దంటే ఎలాగమ్మా, రాసి పంపు" అన్నావు కదా. రాస్తున్నాను. నాకు నోటితో చెప్పడం కన్నా ఇదే నయం. ఫోన్లో అయితే నీ గొంతు వినగానే అబద్ధమాడేస్తాను.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు చెప్తాను. మీ నాన్న దగ్గు తగ్గింది. దగ్గు దారపు నూగు వల్లేనని డాక్టరు చెప్తే, ముప్పై ఏళ్లుగా లేనిది ఇప్పుడెందుకొచ్చిందని ఆయనతో వాదన పెట్టుకున్నారు. కళ్లజోడు మార్చారు. మార్చకముందు ఎవరి ప్యాంటుకో రెండు జేబులూ ఒకే వైపు కుట్టేశారు. ఆ మనిషి వచ్చి చెయ్యి పెట్టుకోవడానికి జేబు వెతుక్కుంటుంటే నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. నీకు ఆ సంగతి చెప్పొద్దన్నారు, కాబట్టి నీకు తెలిసినట్టు ఉండకు.

పై వాటాలోకి కొత్తవాళ్లు దిగారు. వాళ్ల చిన్నపిల్ల మెట్ల మీద బంతి వదుల్తుంది. అది ఒక్కో మెట్టూ దూకుతూ కిందికొచ్చి మన తలుపుకి కొట్టుకుంటుంది. ఇదివరకైతే నేనే తీసి ఇచ్చి ముద్దుచేసేదాన్ని. ఈ వారం రోజులుగా ఆ చప్పుడు వింటే చాలు గుండె గుభేల్మంటోంది. నిన్న తలుపు తీసి ఆ పసిదాని మీద అరిచాను. తర్వాత నాకే సిగ్గేసింది.

నీ బస్సెక్కేవాళ్లు పైన పెట్టెలో ఏముందని అడుగుతున్నారని, నీళ్లతో నడుస్తుందా అంటున్నారని, ఏం చెప్పాలో రాయమన్నావు. నీళ్లతో నడవదు, నీళ్లు వదుల్తుంది అని చెప్పు. సిలిండర్లలో ఉన్నది హైడ్రోజన్. దాన్ని ఒక పక్కా, మామూలు గాలిని ఇంకో పక్కా నడిపించి, మధ్యలో పలచటి పొర అడ్డం పెడితే కరెంటు పుడుతుంది, మిగిలిన ఆవిరి బయటికి పోతుంది. ఆ రెండూ ఒకదాంతో ఒకటి కలవకుండా ఎవరి దారిన వాళ్లని పంపించేవే మా ఫ్యాక్టరీలో చేసే ప్లేట్లు. పరీక్షకి తీసుకెళ్లే అట్టంత ఉంటుంది ఒక్కోటి. మందం మాత్రం వెంట్రుకకి కాస్త అటూ ఇటూ. దాని మీద సన్నటి కాలవలు పక్కపక్కనే ప్రెస్సులో ఒత్తుతారు. అలాంటి రెండు రేకుల్ని వీపులు కలిపి అతికిస్తే ఒక ప్లేటు. ఒక ముఖాన హైడ్రోజన్, ఇంకో ముఖాన గాలి, మధ్యలో చల్లబరిచే నీళ్లు. మూడు నాలుగు వందల ప్లేట్లు పేర్చి బిగిస్తే నీ నెత్తి మీదున్న ఆ పెట్టె.

ఉత్త ఇనుము అక్కడ బతకదు. లోపల వేడి, తడి, పైగా పులుపు. అందుకని ఇనుములో క్రోమియం, నికెలు, చిటికెడు మాలిబ్డినం కలిపిన స్టీలు వాడతారు. క్రోమియానికి ఒక గుణం ఉంది. గాలి తగలగానే తన మీద తనే కంటికి కనపడని పొర ఒకటి కప్పుకుంటుంది. ఆ పొర స్టీలుని తుప్పు నుంచి కాపాడుతుంది గానీ కరెంటుని పోనివ్వదు. కాపాడేదే అడ్డం పడుతుందన్నమాట. "నీలాగే" అంటావు, తెలుసు. అందుకని ఆ పొర తీసేసి, దాని బదులు కరెంటు పోయేట్టు, తుప్పు పట్టకుండా కార్బను కోటింగు వేస్తారు. అది అతుక్కోవాలంటే ప్లేటు శుభ్రంగా ఉండాలి. శుభ్రమంటే మనిళ్లలో శుభ్రం కాదు. ఊపిరి గట్టిగా వదిలినా ఊరుకోరు. కడిగే తొట్టెకీ కోటింగు గదికీ మధ్యలో నా బల్ల ఉంటుంది. ప్రెస్సులో కాలవల అంచులు ఎక్కడైనా చిట్లాయేమో చూసి, బాగున్నవి లోపలికి పంపడం, చిట్లినవి ఎర్రబుట్టలో వెయ్యడం నా పని. ఇవన్నీ నీకు చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాను, నువ్వేమో ఆవలిస్తూనే ఉన్నావు. ఇప్పుడు ప్యాసింజర్లు అడిగేసరికి అమ్మ గుర్తొచ్చింది.

ఇక ఇక్కడి కబురు. పన్నెండు రోజుల కిందట ఇంకో ఊళ్లో మా పెట్టె ఉన్న బస్సొకటి ఎత్తులో ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోయింది. చల్లబరిచే నీళ్లలోకి హైడ్రోజన్ చేరిందట. సెన్సరు పసిగట్టి కరెంటు కోసేసింది. అదే చదును రోడ్డయితే బండి ఆగి ఊరుకునేది. ఇది ఎత్తు, పైగా వాన. డ్రైవరు బ్రేకు తొక్కే ఉన్నా టైర్లు వెనక్కి జారి బండి ఒక కొట్టు గోడకి గుద్దుకుంది. ఇద్దరికి ఎముకలు విరిగాయి. డ్రైవరు మోకాలు నుజ్జయింది. ప్రాణాలు పోలేదు. ఈ "పోలేదు" అన్నమాట ఫ్యాక్టరీలో అందరూ ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

పెట్టె విప్పి ప్లేట్లు మాకు పంపారు. ల్యాబులో పనిచేసే అమ్మాయి, మేమంతా కళ్లద్దాలమ్మాయి అంటాం, ఒక ప్లేటు మైక్రోస్కోపు కింద పెట్టి మమ్మల్నందర్నీ పిలిచి స్క్రీను మీద చూపించింది. కోటింగు ఒకచోట పొక్కులు లేచి ఊడింది. దాని కింద స్టీల్లో సూదితో పొడిచినట్టు నల్లటి గుంటలు. వాటిలో ఒకటి ఏకంగా ఇవతలి నుంచి అవతలికి బెజ్జం. విడివిడిగా కాదు, వంకర్లు తిరిగిన గీతల వరసలో ఉన్నాయి. కడిగిన నీటి బొట్టు ఎండితే ఇలాగే వలయాలు పడతాయని ఆ అమ్మాయి తేల్చింది. అందరూ తలలూపారు. దాంతో తొట్టె దగ్గర పనిచేసే తాతని విచారణ అయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. తాత అంటే ముసలాయన కాదు, నలభై ఏళ్లకే తల నెరిసిందని పెట్టిన పేరు. పదహారేళ్లుగా ప్లేటు మీద ఒక్క బొట్టు నిలవనివ్వని మనిషి. వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, "నీ కంటికి కూడా ఆనలేదా అక్కా, అంత మరక?" అన్నాడు. నా మీద నేరం మోపడానికి కాదు, నిజంగానే అడిగాడు.

ఇప్పుడు అసలు సంగతి. పెన్ను పక్కన పెట్టి, లేచి, రెండు గ్లాసుల నీళ్లు తాగి వచ్చాను. మీ నాన్న ముందుగదిలో మిషను తొక్కుతున్నారు. ఆయనకీ ఇంకా తెలీదు.

ఆ బల్ల దగ్గర రెండు చేతులకీ గ్లౌజులుండాలి. ఉంటాయి. కానీ నా కుడిచేతి గ్లౌజుకి చూపుడువేలి కొన కత్తెరతో కత్తిరించి ఉంటుంది. నేనే కత్తిరించుకుంటాను, ప్రతి కొత్త జతకీ. స్టీలు మెరుపులో కాలవ అంచున ఉన్న చిట్లు కెమెరాకి దొరకదు. కంటికీ దొరకదు. ఉత్త వేలి కొన అలా జార్చుకుంటూ పోతే మాత్రం దారపు పోగు తగిలినట్టు టక్కున తగులుతుంది. గ్లౌజులోంచి తగలదు. ఎనిమిదేళ్లుగా నా బల్ల దాటి చిట్లిన ప్లేటు పోలేదని ఫోర్‌మన్ పదిమందిలో చెప్పుకుంటాడు. ఎలా పట్టుకుంటున్నావని మాత్రం ఒక్కడూ అడగలేదు. ఎవరైనా వస్తే వేలు మడిచేస్తాను. ఇంటికొచ్చే ముందు ఆ గ్లౌజు జేబులో పెట్టుకుని తెచ్చేస్తాను. పెద్ద మొనగత్తెనని లోలోపల మురిసిపోయాను కూడా, దాచడమెందుకు.

వేలు పెట్టిన చోటల్లా స్పిరిటు గుడ్డతో తుడిచేదాన్ని. చెమటలో ఉప్పుంటుంది, ఉప్పు ఉంటే కోటింగు పట్టదు, పట్టినా కింద స్టీలుకి గుంటలు పడతాయి. అది నాకు తెలుసు. తెలిసే చేశాను. తుడుస్తున్నానుగా, ఏమవుతుందిలే అనుకున్నాను.

పదకొండు నెలల కిందట మూడు రోజులు, నువ్వు మొదటిసారి ఒక్కదానివే కొండ దారిలో ట్రైనింగు బండి నడిపావు. గుర్తుందా? ఆ మూడు రోజులూ నేను నేనుగా లేను. ప్రతి మలుపూ నేనే తిప్పుతున్నట్టు ఉండేది. నాకు భయమేస్తే అరచేతులు ఎలా తడిసిపోతాయో నీకు తెలుసు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి జారిపోతోందని విదిలించుకునేదానివి. ఆ చేతుల్తోనే ప్లేట్లు చూశాను. మూడోరోజు సాయంత్రం నువ్వు "పాసయ్యానమ్మా" అని ఫోన్ చేశాక, ఊపిరి పీల్చుకుని బల్ల సర్దుతుంటే, స్పిరిటు గుడ్డ ఎండిపోయి చేతికి గరగరలాడింది. సీసా ఖాళీ. ఎప్పుడు ఖాళీ అయిందో నాకు తెలీదు. ఆ రోజా, ముందు రోజా, మొదటి రోజేనా. ఎండిన గుడ్డతో తుడుస్తూనే ఉన్నాను. అప్పటికే ఆ ప్లేట్లన్నీ కోటింగు గదిలోకి వెళ్లిపోయాయి. వెళ్లి చెప్పాలా అనుకున్నాను. చెప్తే గ్లౌజు సంగతి బయటపడుతుంది. అనుమానం వచ్చినవాటికే కదా వేలు పెట్టాను, అన్నిటికీ కాదుగా అని సర్దిచెప్పుకున్నాను. ఎన్నిటికి పెట్టానో ఇప్పటికీ తెలీదు.

స్క్రీను మీద ఆ గుంటల వరసలు చూడగానే గుర్తుపట్టాను. నీటిబొట్టు కాదు, నా వేలిముద్ర. ఆ వంకర గీతల మధ్యలో అడ్డంగా ఒకచోట ఖాళీ ఉంది. నువ్వు పాలు తాగే రోజుల్లో నీ డబ్బా మూత తెరవబోయి నా చూపుడువేలు తెగింది, అక్కడ చర్మం ఇప్పటికీ నున్నగా ఉంటుంది. పదిమంది స్క్రీను వైపు చూస్తుంటే నేను ఆ వేలు గుప్పిట్లో దాచుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత మూడు రోజులకి నీ ఉత్తరం వచ్చింది. బస్సు కడుగుతుంటే పైకెక్కి పెట్టె మీద చీటీ చూశానని, దాని నంబరు రాసి, "ఇవి నువ్వు చూసిన ప్లేట్లేనా అమ్మా? అయితే అందరికీ చెప్పుకుంటాను" అన్నావు. ఆ ప్రశ్నకే ఇందాకట్నుంచీ జవాబు రాయకుండా అటూ ఇటూ తిరుగుతున్నాను. రిజిస్టరు తీసి చూశాను. అవును తల్లీ. నేను చూసినవే. ఆ మూడు రోజులవే.

మొన్న నీకు ఫోన్ చేసి కడుపునొప్పి నాటకం ఆడమన్నది అందుకు. నువ్వు విసుక్కుంటూనే సరేనన్నావు, ఆ పూట నాకు కాస్త ముద్ద దిగింది. నిన్న సాయంత్రం నువ్వే ఫోన్ చేసి, నీ బదులు ఆ బండి గడ్డం నడిపాడని, రేపు మొదటి ట్రిప్పు కూడా అతనిదేనని, ఈరోజు బండి డిపోలోనే ఉంటుందని చెప్పావు. గడ్డమంటే నీ డిపో స్నేహితుడే కదా, కవల పిల్లలు డిపో గేటు దగ్గరికొచ్చి నాన్న చెయ్యి చెరొకటి పట్టుకుని లాగుతారని రాశావు. నువ్వు ఫోన్ పెట్టేశాక గానీ నాకు తట్టలేదు. నిన్ను దింపితే సరిపోతుందనుకున్నాను చూడు. నువ్వు దిగితే ఆ సీటు ఖాళీగా ఉంటుందా? ఎవరో ఒకరు కూర్చుంటారు. వెనక నలభైమంది ఎప్పుడూ కూర్చునే ఉంటారు. నిన్నంతా ఆ బండి కొండెక్కి దిగింది, నేను ఇక్కడ మీ నాన్నకి టీ పెట్టి ఇస్తూ కూర్చున్నాను.

మొన్న మా ఫ్యాక్టరీ పెద్దాయన గది దాకా వెళ్లాను, అదీ చెప్పేస్తాను. అన్నీ చెప్పేద్దామనే వెళ్లాను. "ఏంటమ్మా?" అన్నాడు తలెత్తకుండానే. నాకు ముచ్చెమటలు పోశాయి. "అరపూట సెలవు కావాలి సార్" అన్నాను. సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఆ సెలవుతోనే ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను. నాకు భయం అమ్మడూ. ఉద్యోగం పోతుందని భయం. పోలీసులొస్తారేమోనని భయం. తాత మొహం చూడాలంటే భయం. అన్నిటికన్నా, ఆ కొట్టు గోడ దగ్గర మోకాలు పోగొట్టుకున్న డ్రైవరు ఎవరి బిడ్డో అన్న ఆలోచన వస్తే, నాకు ఈ చేత్తో అన్నం కలుపుకోవాలనిపించట్లేదు.

ఆ చిన్న కాగితంలో ఈ సంగతంతా, నా సంతకంతో, నంబర్లతో ఉంది. నన్ను కాపాడదామని దాన్ని దాచేస్తావేమో. నీ సంగతి నాకు తెలుసు. దాచకు. అలాంటిదే ఇంకోటి

సగంలో ఆగిపోయాను. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. గబగబా రాస్తున్నాను, అక్షరాలు చూసి భయపడకు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

డ్రైవరు పొడుగాయన కవరు కోసం వచ్చి కూర్చున్నాడు. ఆయన ఎన్నింటికి చేరతాడో నీకు చెప్దామని ఫోన్ చేశాను. ఎత్తలేదు. మీ గదిలో ఉండే నర్సమ్మాయికి చేశాను. "అక్క డ్యూటీకెళ్లిందండీ. వేరే బండేదో పాడైందంట, ఎక్స్‌ట్రా ట్రిప్పుకి మనిషి కావాలంటే, కడుపునొప్పి తగ్గిందని వెళ్లింది. తన బండే తీసింది" అంది. ఎంతసేపయిందంటే, గంట అంది. కొండ మొదలయ్యేది గంటకే.

క్యాలెండరు మీద నువ్వు రాసిపెట్టిన డిపో నంబరు తిప్పాను. మీ మేనేజరే ఎత్తాడు.

"అయ్యా, కొండ దారికెళ్లిన బండి ఆపించండి."

"ఎవరమ్మా మీరు?"

"ఆ డ్రైవరు వాళ్లమ్మని."

నవ్వాడు. చెడ్డగా కాదు. "మీ అమ్మాయికేం భయం లేదమ్మా. మాలో సగంమంది కన్నా బాగా నడుపుతుంది. మా ఇంట్లో కూడా అంతే, నేను బండి తీస్తే మా అమ్మ ఇప్పటికీ వాకిట్లోనే నిలబడుతుంది" అన్నాడు.

ఆ నవ్వు విని ఒక్క క్షణం, నిజం చెప్తున్నాను, ఫోన్ పెట్టేద్దామనిపించింది. అవునులే, తల్లిని కదా, ఊరికే కంగారు పడ్డాను అని నవ్వేసి పెట్టేస్తే ఎంత హాయి. మిషను చప్పుడు ఆగింది. మీ నాన్న గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు, పొడుగాయన కూడా లేచి నిలబడ్డాడు. వాళ్లిద్దరి ముందే అన్నాను.

"నేను తల్లిగా ఫోన్ చెయ్యలేదు సార్. ఆ పెట్టెలో ప్లేట్లు చూసి పంపించింది నేనే. గ్లౌజు లేకుండా ముట్టుకున్నాను. పన్నెండు రోజుల కిందట ఎత్తులో జారిపోయిన బస్సు ప్లేటు మీదున్నది నా వేలిముద్రే. మీ బండిలోవీ ఆ మూడు రోజుల్లో చేసినవే. నంబరు చెప్తాను, రాసుకోండి."

నీ ఉత్తరంలోంచే చదివాను. అవతల కుర్చీ జరిపిన చప్పుడు. "లైన్లో ఉండండి" అని, నిన్ను వైర్‌లెస్‌లో పిలవడం మొదలుపెట్టాడు. ఒకసారి, రెండుసార్లు, ఆరోసారి కూడా నువ్వు పలకలేదు. మలుపుల్లో అందదమ్మా, పై స్టాపు దగ్గరే అందుతుంది, మనిషిని జీపులో పంపిస్తున్నాను అన్నాడు. గొంతులో ఇందాకటి నవ్వు లేదు. నేనే చేస్తానని పెట్టేశాడు.

ఇరవై ఆరు నిమిషాలు. ఆ ఇరవై ఆరు నిమిషాల గురించి రాయమంటే నావల్ల కాదు. మీ నాన్న ఏమంటారోనని నేను తలెత్తలేదు. ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని, "ఏ వేలు?" అన్నారు. చూపించాను. దాన్ని పట్టుకుని, కొత్త కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, దగ్గరగా పెట్టుకుని చూశారు. తిట్టలేదు. ఓదార్చనూ లేదు. "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా" అన్నారు. పట్టుకున్న వేలు మాత్రం ఫోన్ మోగేదాకా వదల్లేదు.

మోగింది. మేనేజరు కాదు, నువ్వు.

నువ్వన్న మాటలు నీకు గుర్తుండవు, కోపంలో ఉన్నావు. నేను రాసిపెడుతున్నాను. "అమ్మా, ఏం చెప్పావు మా సారుకి? పై స్టాపు దగ్గర అందర్నీ దింపేయమన్నారు. వాన పడుతోంది. నలభైమూడుమంది రోడ్డు మీద ఉన్నారు. నన్ను తినేస్తున్నారు" అన్నావు. నీ వెనక నుంచి వినపడుతూనే ఉంది. ఒకాయన కోర్టుకెళ్లాలని అరుస్తున్నాడు. ఒక పెద్దావిడ, ఆడపిల్లకి బండిస్తే ఇంతేనంటోంది. ఎవరిదో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఇంకొకడు నిన్నూ నీ డిపోనీ నిన్ను కన్నదాన్నీ కలిపి తిట్టాడు. ఒక్కొక్క గొంతూ విన్నాను. తిట్టనీ అమ్మడూ. తిట్టేవాళ్లందరూ నేల మీద నిలబడి తిడుతున్నారు, ఒక్కళ్లూ బండిలో లేరు. నాకు అంతకన్నా ఇంపైన చప్పుడు ఈ మధ్య చెవిన పడలేదు. ఏడ్చాను. నువ్వు నవ్వాననుకున్నావు, ఇంకా కోప్పడ్డావు.

అంతలో నీ గొంతు మారింది. జీపులో వచ్చిన మెకానిక్కు చల్లబరిచే నీళ్ల ట్యాంకు మూత దగ్గర గ్యాసు పసిగట్టే మిషను పెట్టగానే కూసిందన్నావు. గ్యాసు, కొంచెమే, ఇంకా కరెంటు కోసేసేంత కాదు అన్నాడన్నావు. "అమ్మా, నీకెలా తెలుసు?" అన్నావు.

మీ మేనేజరుకి చెప్పగలిగాను. మీ నాన్న వింటుండగా, పరాయి మనిషి వింటుండగా చెప్పగలిగాను. నువ్వడిగితే మాత్రం చెప్పలేకపోయాను. "ఉత్తరం వస్తోంది" అని పెట్టేశాను. అందుకే చించేద్దామనుకున్నది కూడా చించకుండా, మొదట్నుంచీ ఉన్నదున్నట్టు పంపుతున్నాను. చిన్న కాగితం కూడా అలాగే ఉంచాను. మేనేజరుకి ఇవ్వు. నోటిమాట రేపు ఎవరైనా మార్చెయ్యొచ్చు, నేనే మార్చెయ్యొచ్చు.

రేపు పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లేముందు తాత ఇంటికి వెళ్తాను. మీ నాన్న తోడొస్తానన్నారు. తలుపు దాకా వద్దు, వీధి చివర ఉండమన్నాను. ఆ తర్వాత పెద్దాయన గది. ఈసారి సెలవు అడగను. ఆ పైన ఏమవుతుందో తెలీదు. భయం పోయిందని చెప్పను, పోలేదు. ఇది చదివాక నువ్వు ఫోన్ చేస్తావో, చెయ్యవో. చెయ్యకపోయినా అర్థం చేసుకుంటాను. చేస్తే ఏమన్నా పడతాను. ఆ వానలో తడిసినవాళ్లు నిన్నన్న మాటలన్నీ నావే, ఒక్కటీ నీ దగ్గర ఉంచుకోకు.

పొడుగాయన కవరు కోసం చెయ్యి చాపుతున్నాడు. తల తుడుచుకో, తడి బట్టలతో కూర్చోకు.

ఇట్లు,
ఇన్నాళ్లూ నీ కోసం భయపడి, ఈరోజు నీకు భయపడుతున్న
మీ అమ్మ